మా ఇంటి పద్దెనిమిది అంకెలు

105263157894736842.

ఈ సంఖ్యను ఎక్కడా చూడకుండా రాశాను. మా ఇంట్లో దీన్ని చూసి రాయవలసిన అవసరం ఎవరికీ రాలేదు, ఒక్క మా తమ్ముడికి తప్ప. వాడి సంగతి చెప్పడానికే మొదలుపెట్టాను కానీ, ముందు సంఖ్య గురించి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు.

చివరన ఉన్న రెండును తీసి ముందు పెట్టండి. 210526315789473684 అవుతుంది. ఇది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. చివరి అంకెను ముందుకు జరిపితే రెట్టింపయ్యే సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. చిన్నది అంటున్నాను కానీ విలువ వెయ్యి కోట్ల కోట్లు దాటుతుంది. సరిగ్గా మధ్యకు విరిచి రెండు సగాలను కూడితే తొమ్మిది తొమ్మిదులు వస్తాయి. అంకెలన్నీ కూడితే ఎనభై ఒకటి.

దీన్ని మేము కుడి నుంచి ఎడమకు చెప్తాం. రెండుతో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోవడమే. రెండు, నాలుగు, ఎనిమిది. ఎనిమిది రెళ్లు పదహారు. ఆరు చెప్పి ఒకటి చేతిలో పెట్టుకోవాలి. ఆరు రెళ్లు పన్నెండు, చేతిలో ఒకటి కలిపితే పదమూడు. మూడు చెప్పి మళ్లీ ఒకటి చేతిలో. ఇలా పద్దెనిమిది అంకెలు పూర్తయితే ఆ తర్వాత వచ్చేది మళ్లీ రెండే, దాని తర్వాత నాలుగే. ఎక్కడా అంతం రాదు.

కొత్తవాడలో మా తాతకు పన్నెండు మగ్గాల కార్ఖానా ఉండేది. పెళ్లిళ్లలో, సభల్లో పరిచే పెద్ద జంపఖానాలు నేసేవాళ్లు. వేరేవాళ్ల జంపఖానాల మీద పువ్వులూ నెమళ్లూ ఉండేవి. మావాటి మీద చారలే. ఎరుపు, నలుపు, తెలుపు, మళ్లీ ఎరుపు. అంకె ఎంతయితే ఆ రంగు నూలు అన్ని వరసలు వేయాలి. ఎరుపు రెండు, నలుపు నాలుగు, తెలుపు ఎనిమిది, ఎరుపు ఆరు, అలా. పద్దెనిమిది మూడుతో పోతుంది కనుక ఒక చుట్టు అయ్యేసరికి లెక్క మళ్లీ ఎరుపు రెండు దగ్గరికే వస్తుంది, అతుకు కనిపించదు. ఒక చుట్టులో ఏ రంగు ఎన్ని వరసలు పడిందో కూడి చూస్తే ఎరుపు ఇరవై ఏడు, నలుపు ఇరవై ఏడు, తెలుపు ఇరవై ఏడు. అద్దిన నూలులో ఏ రంగూ మిగిలిపోదు, ఏ రంగూ చాలకుండా పోదు. లోకంలో ఇన్ని సంఖ్యలుండగా మా తాత దీన్నే ఎంచుకోవడంలో ఉన్న తెలివి అది.

సున్నా ఒక్కసారే వస్తుంది, అదీ నలుపు వంతులో. అంటే ఆ చోట నలుపు పడదు. నూలు చుట్టిన కండెలు మార్చుకునే ఆ క్షణం కోసం నేతవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు.

"సున్న వచ్చింది సేటూ, ఒక బీడీ తాగొస్త."

"సున్నకు ఎన్ని బీడీలురా? సున్న బీడీలే. కూసో."

ఈ మాటలు రోజుకు ఎన్నిసార్లు నడిచేవో. ప్రతిసారీ అందరూ నవ్వేవాళ్లు.

అంకె చెప్పేది మా ఇంటి మనిషే. ముందు తాత, తర్వాత ఆయన కొడుకు, మా బాపు. మగ్గాల మధ్య ఎత్తుపీట మీద కూర్చుని గొంతెత్తి చెప్పేవాళ్లు. అంకెలు ఎలా వస్తాయో నేతవాళ్లకు ఎన్నడూ చెప్పలేదు, కాగితం మీద రాసి పెట్టనూ లేదు. నేను కార్ఖానా కిటికీ బయట నిలబడి విని నేర్చుకున్నాను. తమ్ముడికి పీట పక్కనే చోటుండేది. వాడు మూడో అంకె దగ్గరే లేచి క్రికెట్‌కు పారిపోయేవాడు. అందుకే బాపు ఒకరోజు వాణ్ని కాదని నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. ఆడపిల్ల చెప్తే ఎలా అన్నవాళ్లకు, "లెక్కకు మీసాలుంటయా?" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంటికి వారసురాలిని నేనే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

ప్లాస్టిక్ చాపలు వచ్చాయి, టెంట్‌హౌస్ వాళ్లు జంపఖానాలు కొనడం మానేశారు. మగ్గాలు పొయ్యికట్టెల కింద అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఆ స్థలంలో టైల్స్ గోదాము ఉంది. మేము అదే వాడలో రెండు గదుల అద్దె వాటాలోకి వచ్చాం, అమ్మ అక్కడే పోయింది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌ని. పెళ్లి చేసుకోలేదు. రోజూ గోదాము ముందు నుంచే నడిచి వెళ్తాను, తల తిప్పను. తమ్ముడు స్టేషన్ ఘన్‌పూర్‌కు ఇల్లరికం పోయాడు. అది నేను ఒప్పుకోలేదు. వాడు నన్ను అడగలేదు.

రెండేళ్ల కిందట బాపు పొద్దున చాయ్ తాగాక అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. గోడకు ఆనకుండా కూర్చుని, కార్ఖానాలో చెప్పినట్టే, రంగుల పేర్లతో సహా. పక్క వాటావాళ్లు కూడా వినేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

ఒక ఆదివారం తమ్ముడు వచ్చాడు. బాపు దగ్గర కాసేపు కూర్చుని వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, బాపు నన్ను మీది ఏ ఊరని అడిగిండు."

"నెలకొకసారి మొఖం చూపెడితే అడగక ఏం చేస్తడు? ఎక్కిరిచ్చిండు నిన్ను."

"ఎక్కిరిచ్చుడు కాదక్కా. చాయ్ తాగినంక మళ్ల అడిగిండు. జర దవాఖానల చూపెడుదాం."

"బాపుకేమైంది? నీకు నీ ఫోన్ నంబరు ఫోన్ చూడకుంట చెప్పొస్తదా? రా, ఇటు రా."

వాణ్ని బాపు ముందుకు తీసుకెళ్లి నిలబెట్టాను. "బాపూ, లెక్క చెప్పు" అన్నాను. బాపు నడుము సవరించుకుని మొదలుపెట్టాడు. మూడు చుట్లు, యాభై నాలుగు అంకెలు. నేను లోపల వేసుకుంటూ విన్నాను, ఒక్కటీ తప్పలేదు. తమ్ముడు లేచాడు. పోయేముందు చెప్పులు తొడుక్కుంటూ మెల్లగా అన్నాడు:

"ఇంక కొన్నిసార్లన్న గుర్తువడుతాండు నన్ను. గా గుర్తున్నప్పుడే కొన్ని దినాలు నా దగ్గర ఉంచుకుంట అక్కా. నేనెవలో తెల్వనంక తీస్కపోయి ఏం ఫాయిదా?"

వాడు అడిగింది అంతే. కొన్ని రోజులు. తండ్రి తనను కొడుకుగా ఎరిగి ఉన్న కొన్ని రోజులు.

"పన్నెండు మగ్గాల ఇంటి మనిషి నీ అత్తగారింట్ల కంచం ముందట కూసుంటడా?" అన్నాను.

వాడు వెళ్లిపోయాడు. కానీ వదల్లేదు. తానే హనుమకొండలో ఒక డాక్టరు దగ్గర నంబరు పెట్టించి, పొలం పని వల్ల తాను రాలేక, నన్ను తీసుకెళ్లమని ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ తొడిగి బాపును తీసుకెళ్లాను.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. "పెద్దాయనా, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?" అని అడిగాడు. బాపు కిటికీ వైపు చూశాడు. డాక్టరు ఇవాళ ఏ వారమని అడిగాడు. బాపు కిటికీ వైపే చూస్తూ ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆయన్ను అడగవలసిన లెక్కలు ఇవి కావు డాక్టరుగారూ" అని, "బాపూ, చెప్పు" అన్నాను.

బాపు చెప్పాడు. డాక్టరు కలం పక్కన పెట్టి విన్నాడు. నేను సంఖ్య సంగతి వివరించాను. ఆయన కాగితం మీద వేసి చూసుకుని, "అద్భుతం" అన్నాడు. తర్వాత బాపు చేతి మీద చెయ్యి వేసి, "చాలు పెద్దాయనా, చాలు" అన్నాడు. బాపు ఎరుపు నాలుగు అన్నాడు, నలుపు తొమ్మిది అన్నాడు.

"లెక్క బాగుందమ్మా. కానీ ఆయన ఆగట్లేదు."

"మా లెక్కకు ఆగడం ఉండదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. తలకు స్కానింగ్ రాశాడు, కొన్ని మాత్రలు రాశాడు. ఆ చీటీ మడిచి సంచిలో వేసుకున్నాను. మర్నాడు లైబ్రరీలో ఎవరూ తీయని ఒక పాత నిఘంటువులో పెట్టాను. తమ్ముడికి ఫోన్ చేసి, "డాక్టరు అద్భుతమన్నడు" అని చెప్పాను. అబద్ధం కాదు, సగం. "ఇగ నువ్వొచ్చి బాపుకు పరీక్షలు పెట్టకు" అని కూడా అన్నాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు గడిచాయి. తమ్ముడు వచ్చేవాడు, బాపు ముందు కూర్చునేవాడు, ఏ ఊరని అడిగించుకునేవాడు, "ఘన్‌పూర్ సేటూ" అని చెప్పి పోయేవాడు. నాతో ఏమీ అనేవాడు కాదు. ఒకసారి మాత్రం బాపు వాడి చెంప తడిమి, "బక్కగైనవురా" అన్నాడట. నేనప్పుడు కూరగాయలకు పోయి ఉన్నాను. తిరిగొచ్చేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. "చూసినవా, గుర్తుపట్టిండు. నేను చెప్పలే?" అన్నాను. అలాంటి రోజు మళ్లీ రాదని వాడికి తెలుసు. నాకు తెలియదు.

మా కాలేజీలో కొత్తగా వచ్చిన లెక్కల లెక్చరర్‌కు ఈ సంఖ్య గురించి నేనే చెప్పాను. బాపును చూపించాలని నా ఉబలాటం. ఆయన పుస్తకాల చీటీ ఒకటి తిప్పి దాని వెనక భాగహారం చేశాడు.

"మేడం, రెండును పంతొమ్మిదితో భాగిస్తే ఇదే వస్తుంది. దశాంశం తర్వాత ఈ పద్దెనిమిది అంకెలే తిరుగుతుంటాయి."

మా తాత సంఖ్య ఎవరో బల్ల మీద భాగహారం చేస్తే వచ్చేదా అని నాకు కష్టంగా తోచింది. "ఎట్లా వచ్చినా, ఎనభై ఏళ్ల దగ్గరికొచ్చిన మనిషి వందల అంకెలు గుర్తు పెట్టుకుని చెప్తున్నాడు. అది మామూలు జ్ఞాపకశక్తి కాదు" అన్నాను.

"దీనికి జ్ఞాపకం అక్కర్లేదు మేడం" అన్నాడాయన, ఎంతో సంతోషంగా. "అదే దీని అందం. ఇప్పుడు చెప్పిన అంకె, చేతిలో ఒకటి ఉందా లేదా, ఈ రెండూ తెలిస్తే తర్వాతది వచ్చేస్తుంది. అంతకుముందు ఏం చెప్పారో ఒక్కటీ గుర్తుండనక్కర్లేదు."

ఆయన వెళ్లాక చాలాసేపు ఆ చీటీ చూస్తూ కూర్చున్నాను. ఆ మాట నాకు కొత్త కాదు. మా తాత చెప్పిన మాటే. పనివాళ్ల గోలలో ఎవరైనా మధ్యలో పలకరించినా లెక్క తప్పిపోకూడదని ఆయన ఇలాంటి సంఖ్యను పట్టుకున్నాడు. వెనక్కి చూడనక్కర్లేని లెక్క. దాన్ని తీసుకెళ్లి నేను మనిషి వెనక్కి చూడగలడనడానికి రుజువుగా పెట్టాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బాపు ఎదురుగా కూర్చున్నాను.

"బాపూ, ఒక్క చుట్టు చెప్పు. ఒక్కటే. చుట్టు కాంగనే ఆపాలె."

మొదలుపెట్టాడు. పద్దెనిమిది అయ్యాయి. పంతొమ్మిదోది కూడా చెప్పాడు, ఇరవయ్యోది కూడా. ఎక్కడ మొదలుపెట్టాడో గుర్తున్నవాడికే చుట్టు ఎక్కడ పూర్తయిందో తెలుస్తుంది. అంకెల్లో ఆ గుర్తు ఉండదు.

"బాపూ, అమ్మ పేరేంది?"

ఎరుపు మూడు అన్నాడు.

"బాపూ, నేనెవరు?"

ఆగాడు. ఆ రోజు ఆగింది అదొక్కసారే. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏ మగ్గం మీద కూసుంటవు?" అని అడిగాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. క్షమించమని అడగడం నాకు రాదు, ఎన్నడూ అడిగింది లేదు. "డాక్టరు రాసిన చీటీ నా దగ్గర్నే ఉన్నది" అన్నాను. "పొద్దున బండికి వస్త అక్కా" అన్నాడు.

స్కానింగ్ చూసి డాక్టరు చెప్పవలసింది చెప్పాడు. మాత్రలు కొంత నెమ్మది చేస్తాయి, పోయింది తేలేవు. ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టి ఉంటే అని నేను అడగబోతే, "అది ఇప్పుడు అడగకండమ్మా" అన్నాడు. తమ్ముడు బయట మెట్ల మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బాపును వాడే తీసుకెళ్లాడు. అత్తగారింటికే. వాళ్లు ముందుగది ఖాళీ చేసి ఇచ్చారు. మా మరదలు అన్నం కలిపి నోట్లో పెట్టేది. ఇవి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు కనుక.

అక్కడికి పోయాక బాపు అంకెలు చెప్పడం మానేశాడు. చోటు మారినందుకో ఏమో. రోజంతా కుర్చీలో మాట లేకుండా కూర్చునేవాడు. పదిహేను రోజులకు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, లెక్క గూడ చెప్తలేడు. గా గొంతన్న వినవడితే బాగుండు. నాకు నేర్పియ్యవా? నేను మొదలువెడితే అందుకుంటడేమో."

మా ఇంట్లో ఆ లెక్క ఎప్పుడూ కాగితం ఎక్కలేదు. కూర్చుని రాశాను. ఆదివారం పొద్దుటి రైలుకు తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. వాడికి రెండో ఎక్కం తప్ప ఏదీ సరిగ్గా రాదు. రెండో ఎక్కమే చాలన్నాను. తమ్ముడు బాపు కుర్చీ పక్కన కింద కూర్చుని మొదలుపెట్టాడు.

"ఎరుపు రెండు, నలుపు నాలుగు, తెలుపు ఎనిమిది, ఎరుపు ఆరు, నలుపు రెండు..."

"మూడు."

ఇద్దరం తలెత్తాం. బాపు వాడి వైపే చూస్తున్నాడు.

"చేతిల ఒకటి ఉండె గదరా. యాడ పారేసినవ్?"

"మరిచిన సేటూ" అన్నాడు తమ్ముడు.

"మరిస్తె మగ్గం ఆగుతదా? రేపు పొద్దుగాల రా. ఆలిశమైతే ఇంకోన్ని పెట్టుకుంట."

వాడు లేచి నా దగ్గరికి వచ్చి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా, "గుర్తువట్టలే గని పనిల పెట్టుకున్నడక్కా" అన్నాడు. ఆ రోజు వాళ్లింట్లో భోజనం చేశాను.

ఆ రోజు నుంచి వాడు రోజూ పొద్దున కుర్చీ పక్కన కూర్చుని లెక్క మొదలుపెట్టేవాడు, రోజూ కావాలనే అక్కడే తప్పు చెప్పేవాడు. బాపు సరిదిద్దేవాడు. ఒకరోజు "మొద్దు" అన్నాడట, ఒకరోజు "మీ అయ్య నేర్పలేదా?" అన్నాడట. "దినాం ఒక్కసారన్న తిడుతాండు" అని ఫోన్లో చెప్పేవాడు, ఎంతో కలిసొచ్చినట్టు. మూడు నెలలు అలా నడిచింది.

ఆ తప్పులో ఒక సంగతి ఉంది. రైల్లో కూర్చుని కాగితం మీద వేసి చూశాను. ఆరు చెప్పాక చేతిలో ఒకటి మరిచిపోతే రెండు వస్తుంది. ఆ తర్వాత లెక్క సరిగ్గా వేస్తే ఐదు, సున్నా, ఒకటి వస్తాయి. అవి మేము చెప్పే వరసలో చివరి అంకెలే. పది అంకెలు దూకి మళ్లీ అదే చుట్టులో పడతాం. ఆ తర్వాతి అంకెలు మాత్రమే వినేవాడికి తప్పు జరిగిందని ఎప్పటికీ తెలియదు.

మొన్న ఆదివారం వెళ్లాను. బాపు బాగా చిక్కిపోయాడు. తమ్ముడు ఎప్పటిలాగే కింద కూర్చున్నాడు.

"ఎరుపు రెండు, నలుపు నాలుగు, తెలుపు ఎనిమిది, ఎరుపు ఆరు, నలుపు రెండు" అని ఆగాడు.

బాపు అందుకున్నాడు. గొంతు సన్నగా ఉంది కానీ స్పష్టంగానే ఉంది. రంగుల పేర్లు లేవు. ఐదు అన్నాడు. సున్నా అన్నాడు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, ఆరు, మూడు. కళ్లు గోడ మీదే ఉన్నాయి.

తమ్ముడు కాసేపు విని నా వైపు తిరిగాడు.

"సరిగ్గనే చెప్తాండా అక్కా?"

నేను లోపల వేసుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ తప్పలేదు.

"సరిగ్గనే చెప్తాండు" అన్నాను.

"మరి నన్నెందుకు తిట్టలే?" అన్నాడు.